మహామాయ చెప్పిన శుభవార్త

ప్రతి వైశాఖ పౌర్ణమికీ మనం తెల్లబట్టలు కట్టుకుని విహారానికి వెళ్తాం. బుద్ధ విగ్రహం ముందు పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, త్రిశరణ పంచశీలాలు చెప్పుకుని, పిల్లలకు పాయసం పంచుతాం. ఆ రోజు పుట్టిన బిడ్డను తలుచుకుంటాం. ఆ రోజు ఆ బిడ్డను కన్న తల్లిని మాత్రం తలుచుకునేది తక్కువ. సిద్ధార్థ, గౌతమ్, రాహుల్ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో మహామాయ పేరు ఎన్నిసార్లు వినబడింది?

ఆమె గురించి మనదాకా చేరింది కొంచెమే. ఆ కొంచెంలో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరుగుతుంది. పెళ్లయి ఎన్నో ఏళ్లు పిల్లలు లేని ఒక ఇల్లాలు తాను తల్లిని కాబోతున్నానని తెలుసుకోవడం, ఆ మాట ఇంట్లో చెప్పడం, ఆ తర్వాత ఆ ఇల్లు ఆమెను ఎలా చూసుకుందన్నది. ఇది ఇంటి విషయం కదా, ధమ్మానికి ఏం సంబంధం అనుకోవద్దు. అదే కబురు మీ ఇంట్లో వినబడిన రోజునే మీరు ధమ్మంలో నిలబడ్డారా, పాత దారికి మళ్లారా అన్నది తేలుతుంది. అందుకే ఈసారి ఆ తల్లి కథ చెప్పుకుందాం. బాబాసాహెబ్ పరినిర్వాణం తర్వాత 1957లో అచ్చయిన ఆయన గ్రంథం ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ మనకు ఆధారం.

కోలియుల ఆడపడుచు

మహామాయ కోలియుల బిడ్డ. తండ్రి అంజనుడు, తల్లి సులక్షణ. ఊరు దేవదహ. ఆమెను శాక్యుల కపిలవస్తులో శుద్ధోదనుడికి ఇచ్చి పెళ్లి చేశారు. శాక్యుల రాజ్యం ఒక వంశం చేతిలో ఉండేది కాదు. కొన్ని కుటుంబాలు వంతుల వారీగా పాలించేవి, వంతు వచ్చినవాణ్ని రాజా అనేవారు. సిద్ధార్థుడు పుట్టే నాటికి ఆ వంతు శుద్ధోదనుడిది. పెద్ద భూస్వామి. ఆయన పొలాల్లో వెయ్యి నాగళ్లు దున్నేవని చెప్పుకునేవారు. ఆయనకు మహామాయ అక్క మహాప్రజాపతితో కూడా పెళ్లయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంటి కోడళ్లు.

భూమి ఉంది, పేరుంది. పిల్లలే లేరు. పెళ్లయి చాలాకాలమైనా మహామాయకు సంతానం కలగలేదని బాబాసాహెబ్ రాశారు. ఆ రోజుల్లో అలాంటి ఇల్లాలిని చుట్టాలు ఏమనేవాళ్లో పుస్తకంలో లేదు. మన పల్లెల్లో ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. పెళ్లయి ఏడాది తిరగకముందే విశేషం ఏమైనా ఉందా అని అడగడం మొదలవుతుంది. మూడేళ్లు దాటితే గొడ్రాలనే మాట పుడుతుంది. పేరంటాలకు పిలవడం మానేస్తారు, పసిబిడ్డను చేతికివ్వరు. లోపం మగవాడిలోనూ ఉండొచ్చని, ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలని చెప్పేవాళ్లు తక్కువ. బుద్ధుడి తల్లి కూడా ఆ ఏళ్లను దాటి వచ్చిన మనిషేనని గుర్తుపెట్టుకుంటే, ఆ మాట మన నోటి నుంచి రాదు.

కలలో అడిగిన ఒక ప్రశ్న

శాక్యులు ఆషాఢ మాసంలో ఏడు రోజులు పండుగ చేసుకునేవారు. ఆ ఏడు మహామాయ పండుగను పూలతో, పరిమళాలతో ఘనంగా జరిపించింది. మత్తు పానీయాలు మాత్రం ముట్టలేదు. ఏడో రోజు పొద్దున్నే లేచి, సువాసన నీళ్లతో స్నానం చేసి, నాలుగు లక్షల నాణేలు దానం చేసి, ఉపవాస వ్రతం పట్టి పడకగదికి చేరింది. ఆ రాత్రి భార్యాభర్తలు కలిశారని, మహామాయ గర్భం దాల్చిందని బాబాసాహెబ్ దాపరికం లేకుండా రాశారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పాత కథల్లో తెల్ల ఏనుగు ఒకటి తొండంతో తెల్లతామర పట్టుకుని వచ్చి, ఆమె చుట్టూ మూడుసార్లు తిరిగి, కుడి పక్క నుంచి గర్భంలో ప్రవేశిస్తుంది. బాబాసాహెబ్ ఆ ఏనుగును తన పుస్తకంలోకి రానివ్వలేదు. బుద్ధుడు అందరిలాగే తల్లికీ తండ్రికీ పుట్టిన మనిషి. ఆయన ఎవరి అవతారమూ కాదని మనం నాగపూర్ ప్రతిజ్ఞల్లో చెప్పుకునే మాటకు పునాది ఇక్కడే ఉంది.

కలను మాత్రం బాబాసాహెబ్ ఉంచారు. నిద్రలో నలుగురు లోకపాలకులు ఆమెను మంచంతో సహా హిమాలయాల మీదికి తీసుకెళ్లి పెద్ద సాలవృక్షం కింద దించారు. వాళ్ల భార్యలు వచ్చి ఆమెను మానస సరోవరంలో స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, పూలు పెట్టారు. అప్పుడు సుమేధుడనే బోధిసత్వుడు ఎదురొచ్చి, ఈ భూమి మీద తన ఆఖరి జన్మ ఎత్తాలనుకుంటున్నానని, తనకు తల్లి కావడానికి ఆమె ఒప్పుకుంటుందా అని అడిగాడు. ఆమె ఎంతో సంతోషంగా ఒప్పుకుంది. అక్కడితో మెలకువ వచ్చేసింది.

కలను కలగానే తీసుకుందాం. కానీ అందులో ఉన్న విషయం చూడండి. లోకానికి దారి చూపబోయేవాడు కూడా తల్లి గర్భంలోకి చెప్పకుండా రాలేదు, అడిగి వచ్చాడు. జవాబు ఆమె చెప్పింది. మొగుణ్ణి అడిగి చెప్తాననలేదు, అత్తమామల మాట కోసం ఆగలేదు. ఏనుగు కథలో మహామాయ పడుకుని ఉన్న శరీరం మాత్రమే. సుమేధుడి కథలో ఆమె మాట చెల్లే మనిషి. ఇప్పుడు మన ఇళ్లలో అడుగుతున్నామా? పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేసి, పంతొమ్మిదో ఏట చంకలో బిడ్డ ఉండాలని తొందరపెట్టే ఇంట్లో, ఆ పిల్లను ఎవరడిగారు? చదువు పూర్తవనీ, ఉద్యోగం రానీ, నా ఒంట్లో రక్తం పట్టనీ అని ఆమె అంటే వినే చెవి ఉందా?

తెల్లారి చెప్పిన మాట

మర్నాడు పొద్దున మహామాయ తన కలను మొదట శుద్ధోదనుడికి చెప్పింది. ఆయన నవ్వి తోసిపుచ్చలేదు. అర్థం తేల్చుకోవాలని జోస్యంలో పేరున్న ఎనిమిది మంది బ్రాహ్మణులను పిలిపించాడు. నేలంతా పూలు చల్లి, ఎత్తైన ఆసనాలు వేసి, నెయ్యి, తేనె, పంచదార, పాలన్నంతో భోజనం పెట్టి, వెండి బంగారాలు, కొత్త బట్టలు, ఆవులు ఇచ్చాడు. కొడుకు పుడతాడని, ఇంట్లో ఉంటే చక్రవర్తి అవుతాడని, ఇల్లు విడిస్తే బుద్ధుడవుతాడని వాళ్లు చెప్పారు.

దీన్ని చదివినప్పుడు మనవాళ్లు కొందరు అడుగుతారు. బుద్ధుడి తండ్రే జోస్యులను పిలిస్తే మనం పిలవకూడదా అని. మంచి ప్రశ్నే. శుద్ధోదనుడు అప్పటికి బౌద్ధుడు కాడు, బుద్ధుడు ఇంకా పుట్టనే లేదు. ఆయన తన కాలపు ఆచారం ప్రకారం నడిచాడు. మనం ఆ ఆచారాన్ని తెలిసి వదిలినవాళ్లం. బ్రాహ్మణుల చేత ఏ కర్మకాండా చేయించబోమని 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ వెనుక లక్షల మంది ప్రతిజ్ఞ తీసుకున్నారు. ఇంకో సంగతి. సిద్ధార్థుడు ఇల్లు విడిచింది జోస్యం వల్ల కాదు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ గొడవ వచ్చినప్పుడు, యుద్ధం వద్దని, ఇరువైపుల నుంచీ మనుషులను ఎంచుకుని తగవు తీర్చుకుందామని ఆయన సంఘంలో నిలబడి వాదించాడు. ఓడిపోయాడు. తన మాటకు కట్టుబడి ఇరవై తొమ్మిదో ఏట పరివ్రాజకుడయ్యాడు. ఆ కోలియులు ఎవరు? తన తల్లి పుట్టింటివాళ్లు. మేనమామల ఊరి మీదికి కత్తి ఎత్తనన్నవాడి జీవితాన్ని నడిపింది ఆయన సొంత బుద్ధి, సొంత నిర్ణయం. ఎనిమిది మంది జోస్యులకు అందులో పాత్ర లేదు.

కొడుకు పుడతాడన్న మాట దగ్గర కూడా ఆగుదాం. మన దగ్గర కూడా నెల తప్పిందని తెలియగానే రెండో ప్రశ్న అదే. పొట్ట ఆకారం చూసి చెప్పేవాళ్లు, పులుపు తింటోందా తీపి తింటోందా అని లెక్క కట్టేవాళ్లు, డబ్బిచ్చి స్కానింగ్ సెంటర్‌లో గుట్టుగా కనుక్కునేవాళ్లు ఉన్నారు. 1994లో వచ్చిన చట్టం ప్రకారం గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పడమూ నేరమే, చెప్పించుకోవాలని వెళ్లడమూ నేరమే. ధమ్మం దీన్ని అంతకు ఎంతో ముందే తేల్చేసింది. కోసల రాజు ప్రసేనజిత్తు ఒకసారి బుద్ధుడి దగ్గర కూర్చుని ఉండగా, మల్లికా రాణికి ఆడపిల్ల పుట్టిందని ఒక మనిషి వచ్చి చెవిలో చెప్పాడు. రాజు ముఖం వాడిపోయింది. తెలివి, శీలం ఉన్న ఆడబిడ్డ మగబిడ్డ కంటే మేలు కావొచ్చని బుద్ధుడు అప్పుడే అక్కడే ఆయనకు నచ్చజెప్పాడు. మీ ఇంట్లో ఎవరి ముఖమైనా అలా వాడితే ఈ కథ చెప్పండి.

పుట్టింటి దారి

పాత్రలో నూనె తొణకకుండా మోసినట్టు మహామాయ పది చాంద్రమాసాలు బిడ్డను మోసింది. ఆషాఢం నుంచి వైశాఖం దాకా వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, సరిపోతుంది. నెలలు నిండుతుండగా దేవదహకు, తండ్రి ఊరికి వెళ్లాలనుందని భర్తకు చెప్పింది. ఆయన అలాగేనన్నాడు. వారం, తిథి చూడాలనలేదు. పల్లకీ, మోసేవాళ్లు, వెంట పరివారం ఏర్పాటు చేసి పంపాడు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన వాడకట్టులోనూ ఉన్నదే. అమ్మ దగ్గర ఉంటే ధైర్యం. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చినప్పుడు కాదనకపోవడం భర్త పని.

దారిలో లుంబినీ వనం వచ్చింది. సాలవృక్షాలు మొదలు నుంచి చివరి కొమ్మ దాకా పూసి ఉన్నాయి. కాసేపు అక్కడ గడపాలనిపించి పల్లకీ దిగింది. నడుచుకుంటూ వెళ్లి ఒక చెట్టు కింద నిలబడింది. గాలికి ఊగుతున్న కొమ్మను అందుకోబోయి మునివేళ్ల మీద లేచింది. కొమ్మ పైకి లేచిన ఊపుకు ఒళ్లు కదిలి నొప్పులు మొదలయ్యాయి. ఆ కొమ్మ పట్టుకుని, నిలబడే కన్నది. క్రీస్తుపూర్వం 563, వైశాఖ పౌర్ణమి.

ఆ కొమ్మ పట్టుకున్న తల్లిని మన కృష్ణా తీరపు శిల్పులు కూడా చెక్కారు. అమరావతి స్తూపం నుంచి తరలిపోయి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకలో ఆమె కల ఉంది, కలకు అర్థం చెప్పించుకోవడం ఉంది, చెట్టు కింద కాన్పు ఉంది. పక్కన లోకపాలకులు పట్టుకున్న పొడవాటి బట్ట మీద బిడ్డ కనిపించడు, చిన్న చిన్న పాదముద్రలే ఉంటాయి. బుద్ధుణ్ని గుర్తులతో చూపించిన ఆ శిల్పి తల్లిని మాత్రం నిండుగా మనిషిగా చెక్కాడు.

అశోకుడు పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట స్వయంగా లుంబినికి వచ్చి రాతిస్తంభం నిలబెట్టాడు. బుద్ధుడు పుట్టిన ఊరని ఆ ఊరికి పన్ను తగ్గించి ఎనిమిదో వంతుకు తెచ్చాడు. కాలక్రమంలో అదంతా మరుగునపడింది. చుట్టుపక్కల జనం ఆ చోటును రుమ్మిందేయి అని పిలుచుకుంటూ వచ్చారు. 1896లో స్తంభం బయటపడ్డాకే అది లుంబిని అని లోకానికి రూఢి అయింది. ఇవాళ అక్కడ ఉన్న గుడి పేరు మాయాదేవి మందిరం.

ఏడో రోజు

ఎన్నో ఏళ్లకు పుట్టిన బిడ్డ. కపిలవస్తు అంతా సంబరం. ఐదో రోజు పేరు పెట్టారు. ఆ సందడి మధ్యలోనే మహామాయకు జబ్బు చేసింది, చూస్తుండగానే ముదిరింది. చివరి ఘడియ వచ్చిందని ఆమెకు తెలిసింది. శుద్ధోదనుణ్ని, మహాప్రజాపతిని మంచం దగ్గరికి పిలిచింది. బిడ్డ గొప్పవాడు అవుతాడని తనకు నమ్మకముందని, అది చూడటానికి తాను ఉండననే ఒక్కటే బాధ అని చెప్పింది. బిడ్డను అక్క చేతుల్లో పెట్టింది. కన్నతల్లి కంటే బాగా చూసుకుంటావని తెలుసు, దుఃఖపడొద్దు అంది. బిడ్డకు అప్పటికి ఏడు రోజులు.

తల్లి కాబోతున్నానని భర్తకు చెప్పిన నోరే, బిడ్డను అప్పగిస్తున్నానని అక్కకు చెప్పింది. ఆ రెండు మాటలకూ మధ్య ఏడాది కూడా లేదు. మహాప్రజాపతి ఆ మాట నిలబెట్టింది. తన పాలు పట్టి సిద్ధార్థుణ్ని పెంచింది. తర్వాత శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని, కాళ్లు వాచేలా వైశాలి దాకా నడిచి, ఆడవాళ్లకూ సంఘంలో చోటు కావాలని పట్టుబట్టి మొదటి భిక్షుణి అయింది.

మహామాయ జబ్బు ఏమిటో పుస్తకంలో లేదు. కానీ కాన్పయిన తొలి వారం తల్లికి ఎంత ప్రమాదమో ఇవాళ ఏ నర్సమ్మను అడిగినా చెప్తుంది. అందరి కళ్లూ ఉయ్యాల మీద ఉంటాయి. మంచం మీద ఉన్న బాలింత ఒళ్లు కాలుతోందా, రక్తం ఆగకుండా పోతోందా అని చూసేవాళ్లు ఉండరు.

బాబాసాహెబ్‌కు ఇది పుస్తకాల్లో చదివిన బాధ కాదు. ఆయనా రమాబాయీ ఐదుగురు బిడ్డలను కని నలుగురిని పోగొట్టుకున్నారు. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీలకు ప్రసూతి సాయం ఇచ్చే బిల్లు వచ్చినప్పుడు ఆయన లేచి దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ వెనుకా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు అన్నది ఆయన వాదన. మరుసటి ఏడు అది చట్టమైంది. మహామాయ కథను మళ్లీ రాసిన చెయ్యీ, ఆ బిల్లుకు అండగా లేచిన చెయ్యీ ఒకటే.

మీ ఇంట్లో ఆ కబురు వచ్చిన రోజు

రేపో మాపో మీ కూతురో, కోడలో, భార్యో నెల తప్పిందని మీకు చెబుతుంది. ఆ మాటను ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం. మొదట ఆమె ఎలా ఉందని అడగండి. సంతోషంగా ఉందా, భయంగా ఉందా, వేవిళ్లతో తిండి సహిస్తోందా అడగండి. పంతులు దగ్గరికో, సోది చెప్పే ఆమె దగ్గరికో కాదు, ఆశా కార్యకర్త దగ్గరికి, ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళ్లి పేరు రాయించండి. రక్తం ఎంతుందో, బీపీ ఎంతుందో చూపించండి. ఐరన్ మాత్రలు మింగించండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఆమె కడుపులోకే పోయేలా చూడండి. గ్రహణం రోజున కదలొద్దని చీకటి గదిలో ఆకలితో పడుకోబెట్టకండి. కాన్పయ్యాక మైల అని మూలన పెట్టి, పథ్యం పేరుతో మంచినీళ్లు కూడా కొలిచి పోయకండి. జ్వరం, విపరీతమైన రక్తస్రావం, తలనొప్పితో కళ్లు మసకబారడం, ఆయాసం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా తెల్లారనీ అనకుండా 108కి ఫోన్ చేయండి.

వేడుక వద్దని కాదు. శ్రీమంతం బదులు బంతెను పిలిచి, లేకపోతే ఊళ్లో ఉన్న ఉపాసకులే కూర్చుని, త్రిశరణాలు, పరిత్తాలు చెప్పుకోండి. ఆ పూట మందు సీసా ఇంట్లోకి రానివ్వకండి, మహామాయ తన పండుగలో రానివ్వలేదు. పిల్లలు కలగని ఇల్లాలిని కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆమె చేత్తోనే పూలు ఇప్పించండి.

వచ్చే వైశాఖ పౌర్ణమికి బుద్ధుడి ముందు పూలు పెట్టేటప్పుడు రెండు పూలు ఎక్కువ పెట్టండి. ఒకటి ఒప్పుకుని కన్న తల్లికి, ఒకటి ఒప్పుకుని పెంచిన తల్లికి.

నమో బుద్ధాయ! జై భీమ్!